రెండు రోజుల కారు ప్రయాణానికి ఏ నేషనల్ పార్కు?

మీరు అడిగింది ఇది: శుక్రవారం సాయంత్రం పని ముగించుకుని సొంత కారులో బయల్దేరతారు, ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. కారులో నలుగురు. వాళ్లలో మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఒకరు, ఎనిమిదేళ్ల పాప ఒకరు. ఐదు పార్కుల పేర్లు రాసుకున్నారు, ఏది తేల్చుకోవాలో తెలియడం లేదు.

పార్కుల ఫొటోలు, రేటింగులు కాసేపు పక్కన పెట్టండి. ముందు లెక్క చూసుకోవలసింది మీ చేతిలో ఉన్న పగటి వెలుగు. శుక్రవారం సాయంత్రం ఆరు నుంచి ఆదివారం రాత్రి తొమ్మిది వరకు 51 గంటలు ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, పార్కులో పనికొచ్చేది శనివారం పూర్తి పగలు, ఆదివారం సగం పగలు, అంతే. ఆ ఒకటిన్నర పగలు కూడా చోటును బట్టి, నెలను బట్టి మారుతుంది. భూమధ్యరేఖకు 20 డిగ్రీల దూరంలో ఉన్నచోట జూన్, డిసెంబర్ పగళ్ల మధ్య తేడా రెండున్నర గంటలే. అదే 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరైతే జూన్ చివర్లో పదిహేనున్నర గంటల పగలు, డిసెంబర్ చివర్లో తొమ్మిది గంటలు కూడా లేదు. ఒకే పార్కు ఒక నెలలో వారాంతానికి హాయిగా సరిపోయి, మరో నెలలో దారి ఖర్చుకు కూడా చాలకుండా పోయేది ఇందుకే.

ఇక దూరం. మ్యాప్ చూపించే సమయాన్ని 1.25తో హెచ్చించండి. నలుగురున్న కారులో పెట్రోలు, బాత్రూము, పాపకు వాంతులు, ఊరి శివార్లలో శుక్రవారం ట్రాఫిక్, ఇవన్నీ కలిపితే నాలుగో వంతు పెరగడం మామూలే. మ్యాప్‌లో మూడు గంటలు చూపించే పార్కు అంటే నిజంగా మూడుముప్పావు. రాత్రి పది గంటల లోపు మంచం ఎక్కవచ్చు, తెల్లవారుజామున లేవవచ్చు. మ్యాప్‌లో ఐదు గంటలంటే ఆరుంపావు. అర్ధరాత్రి దాటాక చేరతారు, శనివారం తొమ్మిదికి నిద్ర లేస్తారు, అప్పటికే అక్కడి మంచి వేళ అయిపోతుంది. పైగా ఆదివారం తిరుగు ప్రయాణానికీ ఆరుంపావు గంటలు పోతాయి. అందుకని మూడు గంటలు మంచిది, నాలుగు గంటలు హద్దు. అంతకు మించినవాటిని మీ జాబితాలోంచి నిర్మొహమాటంగా కొట్టేయండి, మూడు రోజుల సెలవు దొరికినప్పుడు చూసుకోవచ్చు. దూరపు కొండలు నునుపు అన్న సామెతకు వారాంతపు ప్రయాణాలంత మంచి రుజువు ఇంకోటి దొరకదు.

అయితే ఆ మూడు గంటలు ఎక్కడికి? చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మ్యాప్‌లో పార్కు పేరు కొడితే పిన్ను ఎక్కడో అడవి మధ్యలోనో, ఆఫీసు భవనం దగ్గరో పడుతుంది. మీరు లెక్కించవలసింది మీరు లోపలికి వెళ్లే గేటుకు ఎంత దూరమని, ఆ గేటు నుంచి చూడాలనుకున్న చోటుకు ఇంకెంత దూరమని. పెద్ద పార్కుల్లో ఒక్కో గేటు ఒక్కో పార్కు కింద లెక్క. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు నుంచి ఉత్తరపు అంచుకు గాలిలో 16 కి.మీ.; రోడ్డు మీద దాదాపు 345 కి.మీ., నాలుగు గంటల పైమాటే. కాలిఫోర్నియాలోని పినకిల్స్‌కు తూర్పు గేటు, పడమటి గేటు ఉన్నాయి, రెంటినీ కలుపుతూ లోపల కారు వెళ్లే రోడ్డే లేదు. పొరపాటున అవతలి వైపు గది బుక్ చేసుకుంటే కొండ చుట్టూ తిరిగి రావలసిందే. కాన్యన్‌ల్యాండ్స్‌లో కూడా ఒక భాగం నుంచి మరో భాగానికి వెళ్లాలంటే బయటికి వచ్చి, రెండు గంటలు తిరిగి వెళ్లాలి. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ ఉత్తర దక్షిణాలుగా దాదాపు 360 కి.మీ. పొడవు, తారు రోడ్డు మీద గంటకు 50 కి.మీ., మట్టి రోడ్డు మీద 40 కి.మీ. మించకూడదు. రెండు రోజుల కోసం అక్కడికి వెళ్లేవాళ్లు దక్షిణపు గేట్లలో ఒకటి పట్టుకుని, ఆ చుట్టుపక్కలే తిరగడం తప్ప వేరే దారి లేదు.

పార్కు లోపల వేగం విషయంలో ఇంకో సంగతి. అమెరికాలోని ఎల్లోస్టోన్‌లో గ్రాండ్ లూప్ అనే చుట్టు రోడ్డు 142 మైళ్లు, అంటే 228 కి.మీ. హద్దు వేగం గంటకు 45 మైళ్లు కాబట్టి మూడుంపావు గంటల్లో చుట్టేయొచ్చని కాగితం మీద అనిపిస్తుంది. అడవిదున్నలు రోడ్డు మీద నిలబడితే వాటికి అనిపించినప్పుడు కదులుతాయి. ప్రతి వేడినీటి ఊట దగ్గరా పార్కింగ్ కోసం రెండు చుట్లు తిరగాలి. ఎక్కడైనా సరే, లోపల సగటు వేగం గంటకు 30 కి.మీ. అనుకుని ప్లాన్ వేసుకుంటే నిరాశ ఉండదు. అంటే శనివారం లోపల 100 కి.మీ. తిరిగితే మూడు గంటలకు పైగా కారులోనే పోయినట్టు. అంతకంటే ఎక్కువ తిరిగే ప్లాన్ నా దృష్టిలో ప్లానే కాదు.

ఇప్పుడు మీ జాబితాలో రెండో మూడో మిగిలి ఉంటాయి. వాటికి మూతపడే రోజులు చూడండి. ఇందులో మూడు రకాలున్నాయి, జనం మొదటిదొక్కటే చూస్తారు.

ఒకటి, సీజన్. కాలిఫోర్నియాలోని యోసెమిటీలో 3,031 మీటర్ల ఎత్తున కనుమ దాటే టియోగా రోడ్డు మంచు వల్ల మామూలుగా నవంబర్ నుంచి మే చివరి దాకా, ఒక్కో ఏడు జూన్ దాటాక కూడా మూసే ఉంటుంది. అమెరికాలోనే ఉన్న గ్లేసియర్ పార్కు నడిబొడ్డున పోయే గోయింగ్ టు ద సన్ రోడ్డు పూర్తిగా తెరుచుకునేది సాధారణంగా జూన్ చివర్లోనో జూలైలోనో. పార్కు తెరిచే ఉందని వెబ్‌సైటు చెబుతుంది, అది నిజమే; మీరు వెళ్లాలనుకున్న రోడ్డు మాత్రం మూసి ఉంటుంది. ఎల్లోస్టోన్‌లో చలికాలమంతా మామూలు కార్లు తిరగనిచ్చేది ఉత్తర గేటు నుంచి ఈశాన్య గేటు వైపు పోయే రోడ్డు ఒక్కటే. భారతదేశంలో మధ్య ప్రాంతపు పులుల అడవులు, అంటే కాన్హా, బాంధవ్‌గఢ్, పెంచ్ లాంటివాటి కోర్ (లోపలి అడవి) భాగాలు జూలై నుంచి సెప్టెంబర్ దాకా వానల వల్ల మూతపడతాయి.

రెండు, వారంలో రోజు. మహారాష్ట్రలోని తాడోబా మంగళవారం మూత. మధ్యప్రదేశ్ పులుల పార్కుల్లో బుధవారం మధ్యాహ్నం సఫారీ ఉండదు. శని ఆదివారాలకు వెళ్లేవాళ్లకు ఇది అడ్డం రాదు గానీ, సెలవు కలిసొచ్చి సోమ మంగళవారాలు జోడించుకునేవాళ్లు చూసుకోవాలి.

మూడు, రోజులో వేళ. శుక్రవారం ప్రయాణాన్ని పాడుచేసేది ఇదే. క్రూగర్ బయటి గేట్లు జూన్‌లో సాయంత్రం ఐదున్నరకే మూస్తారు. కర్ణాటకలోని బండీపూర్ అడవి గుండా వెళ్లే జాతీయ రహదారుల మీద రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మామూలు వాహనాలను వదలరు. అవతలి వైపు గది తీసుకుని తొమ్మిదింబావుకు చెక్‌పోస్ట్ చేరితే తెల్లారే దాకా పడిగాపులే. అందుకే మొదటి రాత్రి గది ఎప్పుడూ గేటుకు ఇవతల, మీరు వచ్చే వైపునే, గేటుకు ఇరవై నిమిషాల లోపు దూరంలో తీసుకోండి. లోపలి గెస్ట్‌హౌసులు ఎంత బాగున్నా వాటిని శనివారం రాత్రికి పెట్టుకోండి.

గేటు తెరిచి ఉన్నంత మాత్రాన మీ కారు లోపలికి వెళ్తుందని లేదు. అమెరికాలోని జయన్ పార్కులో అసలు లోయలోకి పోయే రోడ్డు మీద వసంతం నుంచి శరత్తు దాకా సొంత కార్లను పోనివ్వరు, షటిల్ బస్సు ఎక్కాలి. కెనడాలోని బాన్ఫ్‌లో మొరేన్ లేక్ రోడ్డును 2023 నుంచి సొంత వాహనాలకు పూర్తిగా మూసేశారు. హవాయిలో హలేయకలా శిఖరం మీద సూర్యోదయం చూడాలంటే తెల్లవారుజామున మూడు నుంచి ఏడు మధ్య వెళ్లే ప్రతి కారుకూ ముందస్తు బుకింగ్ ఉండాలి. జయన్‌లోనే ఏంజెల్స్ లాండింగ్ కొండ ఎక్కడానికి 2022 ఏప్రిల్ నుంచి లాటరీలో పర్మిట్ రావాలి. భారతదేశపు పులుల పార్కుల్లో సఫారీ దారుల్లోకి సొంత కారును వదలరు. నమోదైన జీపు, గైడు, ముందే కొన్న సీటు ఉండాలి. బుకింగ్‌లో ఇచ్చిన గుర్తింపు కార్డు అసలుది గేటు దగ్గర చూపించాలి, పేరు తేడా వస్తే సీటు పోయినట్టే. మీ కారుకు అక్కడ గేటు బయట పార్కింగ్ తప్ప పని ఉండదన్నది ముందే తెలిస్తే గదిని కూడా దాన్నిబట్టి చూసుకుంటారు.

ఈ నియమాలు ఏడాదికేడాది మారుతాయి. రెండేళ్ల నాటి బ్లాగు, వీడియో చూసి నమ్మకండి. పార్కు అధికారిక వెబ్‌సైటులో ‘చూడదగ్గ ప్రదేశాలు’ పేజీ చివరికి చూడొచ్చు. ముందు తెరవాల్సింది హెచ్చరికలు, రోడ్ల స్థితి పేజీ. దాన్ని పార్కు ఎంచుకునేటప్పుడొకసారి, గురువారం రాత్రొకసారి, శనివారం పొద్దున సిగ్నల్ పోకముందు ఇంకొకసారి చూడండి.

ఇన్ని వడపోతలయ్యాక మీ నలుగురి సంగతి. వారాంతానికి వెళ్లేవాళ్ల కోణంలో పార్కులను మూడు రకాలుగా చూడొచ్చు: ఆగి చూసేవి, నడిచి చూసేవి, ఎదురుచూసేవి.

ఆగి చూసేవాటిలో కొండ అంచునో లోయ అంచునో తారు రోడ్డు ఉండి, దారి పొడవునా కారు ఆపుకునే చోట్లు ఉంటాయి. అమెరికాలోని బ్రైస్ కాన్యన్ దీనికి చక్కటి ఉదాహరణ: ఒకే రోడ్డు, 29 కి.మీ., చివర రెయిన్‌బో పాయింట్. తెలిసినవాళ్లు ఆగకుండా ఆ చివరి దాకా పోయి, వెనక్కి వస్తూ ఒక్కోచోట ఆగుతారు. వ్యూపాయింట్లన్నీ తిరుగుదారిలో కుడివైపు వస్తాయి కాబట్టి ఎదురు ట్రాఫిక్‌కు అడ్డంగా మలుపు తిప్పక్కర్లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకూ, పిల్లలకూ ఇలాంటి పార్కే నయం.

నడిచి చూసేవాటిలో అసలు అందం కాలిబాట చివర ఉంటుంది. వీటికి నెయిస్మిత్ సూత్రం అని 1892 నాటి లెక్కొకటి ఇప్పటికీ పనికొస్తుంది: సమతలం మీద 5 కి.మీ.కు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. అది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఆగకుండా నడిస్తే పట్టే సమయం. పాప ఉంటే ఒకటిన్నర రెట్లు వేసుకోండి. 6 కి.మీ. పోను రాను, 300 మీటర్ల ఎక్కుడు ఉన్న బాట కాగితం మీద గంటా నలభై రెండు నిమిషాలు, మీకు రెండున్నర గంటలు. దిగుడు తేలికని లెక్కలోంచి తీసేయకండి. మోకాళ్లను ఏడిపించేది దిగేటప్పుడే. లోయ అంచు నుంచి కిందికి దిగే బాటల్లో ఇంకో మెలిక ఉంది: ముందు దిగుడు హుషారుగా సాగిపోతుంది, అలిసిపోయాక, ఎండ ముదిరాక ఎక్కుడు మొదలవుతుంది. అలాంటిచోట మొత్తం సమయంలో మూడో వంతు దిగాక గడియారం చూసి వెనుదిరగాలి.

ఎదురుచూసేవి జంతువుల పార్కులు. తెల్లవారుజామున చలిలో, టాపు లేని జీపులో మూడు నాలుగు గంటలు కూర్చుంటే పులి కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. రెండు రోజుల్లో మహా అయితే మూడు సఫారీలు పడతాయి. ఎనిమిదేళ్ల పాపను మొదటి ట్రిప్పుకే దీనికి తీసుకెళ్లడం నాకు నచ్చదు. లేళ్లు, పక్షులు, చెట్లు చూసి కూడా సంబరపడే పిల్లయితే వెళ్లండి. పులి కోసమే అయితే ఇంకో రెండేళ్లు ఆగండి. జీపు కుదుపులు పెద్దావిడ నడుముకు కూడా పడవు.

ఎత్తు సంగతి మరిచిపోకండి. ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, గాలి వీస్తే ఇంకా చలి. కింద 28 డిగ్రీలుంటే 2,500 మీటర్ల మీద పన్నెండు కూడా ఉండకపోవచ్చు. 2,500 మీటర్లు దాటాక కొందరికి తలనొప్పి, వికారం మొదలవుతాయి. మందుల కన్నా కిందికి దిగడమే దానికి ఖాయమైన వైద్యం. అందుకని పగలు పైకి వెళ్లినా రాత్రి గది దిగువన ఉండేలా చూడండి. గుండె జబ్బో ఆస్తమానో ఉంటే అంత ఎత్తు పార్కు పెట్టుకునే ముందే డాక్టరును అడగాలి. వేడి చోట్ల లెక్క వేరు. అమెరికాలోని డెత్ వ్యాలీలో వేసవిలో పొద్దున పది తర్వాత దిగువ ప్రాంతాల్లో నడవొద్దని పార్కువాళ్లే చెబుతారు. ఎండలో నడిచేటప్పుడు మనిషికి గంటకు అర లీటరు నుంచి లీటరు నీళ్లు కావాలి. వాటితో పాటు ఉప్పు ఉన్నదేదైనా తినాలి. ఉత్త నీళ్లే గంటల తరబడి తాగితే రక్తంలో సోడియం పడిపోయి, అదీ ప్రమాదమే.

కారు గురించి నాలుగు మాటలు. స్టెప్నీలో గాలి ఎంతుందో బయల్దేరే ముందే చూడండి. పంచరైన రోజున దాన్ని తీసి చూసేవాళ్లే ఎక్కువ. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు రెండో గేరులోనో మూడో గేరులోనో దిగండి, ఆటోమేటిక్ అయితే ఎల్ లేదా మాన్యువల్ మోడ్ వాడండి. టాప్ గేరులో బ్రేకు తొక్కి పట్టుకుని దిగితే ప్యాడ్లు వేడెక్కి పట్టు సడలిపోతుంది. కాలిన వాసన వచ్చిందంటే పక్కకు ఆపి, చల్లారే దాకా అరగంట ఆగాలి. వేడి చక్రాల మీద నీళ్లు పోయకూడదు, డిస్కులు వంకరపోతాయి. చివరి ఊళ్లో ట్యాంకు నింపండి, సగానికి తగ్గితే లోపలికి పోకండి. ఎలక్ట్రిక్ కారైతే రెండు టన్నుల బండి 1,000 మీటర్లు ఎక్కడానికే ఐదున్నర యూనిట్ల కరెంటు అదనంగా పోతుంది. దిగేటప్పుడు కొంత తిరిగొస్తుంది గానీ, చలిలో బ్యాటరీ మామూలుగానే తక్కువ దూరం ఇస్తుంది. చార్జింగ్ ఉన్న గదే బుక్ చేసుకోండి. ఆ ప్రాంతపు మ్యాప్‌ను ముందే ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా దించుకోండి, గది చిరునామా కాగితం మీద రాసుకోండి. మ్యాప్ చూపించే అడవి అడ్డదారులను మాత్రం నమ్మొద్దు. ఆ రోడ్డుకు తారుందో లేదో, వంతెన నిలబడి ఉందో లేదో దానికి తెలియదు.

రాత్రిపూట అడవి రోడ్డు మీద 50 దాటవద్దనడానికి కారణం ఉంది. గంటకు 50 కి.మీ. వేగంలో జంతువును చూసి, బ్రేకు తొక్కి, కారు ఆగే సరికి సుమారు 35 మీటర్లు పడుతుంది. 80 కి.మీ. వేగంలో అది 70 మీటర్లు. లైట్లు డిప్‌లో ఉన్నప్పుడు అంత దూరం స్పష్టంగా కనిపించదు, అంటే కనిపించాక ఆపే వ్యవధి ఉండదు. ఏదైనా అడ్డం వస్తే స్టీరింగ్ గుంజకుండా నేరుగా బ్రేకు వేయండి. ఒక జింక దాటిందంటే వెనక ఇంకోటి ఉంటుంది.

శనివారం ఎలా గడపాలంటే, గేటు తెరిచే వేళకు లోపల ఉండండి. పేరున్న పార్కుల్లో మంచి సీజన్‌లో తొమ్మిది, పది కల్లా పార్కింగ్ నిండిపోతుంది. ముఖ్యమైన ఒక్క చోటును పదిలోపు చూసేయండి, పది నుంచి మూడు దాకా భోజనం, నిద్ర, మ్యూజియం, లేదంటే కారులో తిరుగుడు. నాలుగు నుంచి చీకటి పడే దాకా రెండో చోటు. ఆ నడి మధ్యాహ్నం విశ్రాంతే పాపనూ పెద్దావిడనూ ఆదివారానికి నిలబెడుతుంది. ఎలుగుబంట్లు తిరిగే చోట కారులో తినుబండారాలు వదలకండి. యోసెమిటీలో చీకటి పడ్డాక కారులో తిండి ఉంచడం నిషేధం, ఎందుకంటే అవి వాసన పట్టి తలుపులు ఊడబీకుతాయి. ఎల్లోస్టోన్‌లో ఎలుగుబంట్లకూ తోడేళ్లకూ 91 మీటర్లు, మిగతా జంతువులకు 23 మీటర్లు దూరం ఉండాలన్నది నియమం. పెద్ద జంతువులున్న ఏ పార్కులోనైనా అంతకు తగ్గకుండా ఉంటే మంచిది. కుక్కను వెంట తీసుకెళ్దామనుకుంటే ముందు నియమాలు చదవండి, చాలా పార్కుల్లో కాలిబాటల మీదికి రానివ్వరు. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి.

మీ జాబితాలోంచి ఇలా తీసేయండి: గేటుకు నాలుగు గంటలు దాటినవి, ఆ నెలలో అసలు రోడ్డు మూసినవి, బుకింగ్ దొరకనివి, అందం మొత్తం పెద్ద ఎక్కుడు తర్వాతే ఉన్నవి. మిగిలినవాటిలో మొదటి ఎంపిక పేరు తక్కువ, వ్యూపాయింట్ల రోడ్డు ఎక్కువ ఉన్న దాన్ని చేసుకోండి. ఒకటే మిగిలినా దానికి జోడీగా అదే దిశలో గంట దూరంలో ఇంకో చోటు, చిన్న అభయారణ్యమో జలాశయమో, పక్కన రాసిపెట్టుకోండి. పొగ, వరద, కొండచరియలు, ఏ కారణంతో శనివారం గేటు మూసినా గది మార్చకుండా అటు పోవచ్చు. గదిని రద్దు చేసుకునే వీలున్న రేటుకే తీసుకోవడం అందుకే.

ఆదివారం మధ్యాహ్నం రెండు లోపు పార్కు గేటు దాటండి. ఘాట్ రోడ్డు వెలుగులో దిగాలి, మిగతా వారాంతపు కార్లు నాలుగుకు బయల్దేరే ముందే మీరు హైవే ఎక్కాలి. ప్రతి రెండు గంటలకు పదిహేను నిమిషాలు ఆగండి, వీలుంటే ఇద్దరు మార్చి మార్చి నడపండి. దారిలో ఇంకోటి చూసి పోదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. బోర్డు మీద అది ఐదు కిలోమీటర్లే ఉంటుంది, పోను రాను గంటన్నర మింగుతుంది. వద్దనండి.